డొనాల్డ్ జడ్ శిల్పానికి వేలం ధర అంచనా కట్టడం ఎలా

అమెరికన్ శిల్పి డొనాల్డ్ జడ్ (1928–1994) లోహపు పెట్టెల రూపంలో చేసిన శిల్పాల్లో చాలా వాటికి పేరు ఉండదు. వేలం కేటలాగులో ‘అన్‌టైటిల్డ్’ అని మాత్రమే కనిపిస్తుంది. 1964 నుంచి ఆయన తన శిల్పాలను ఎక్కువగా న్యూయార్క్‌లోని బెర్న్‌స్టీన్ బ్రదర్స్ అనే రేకుపని కార్ఖానాలో చేయించారు కాబట్టి, వాటి మీద ఆయన చేతి జాడ వెతికినా దొరకదు. కుంచె తీరును, సంతకాన్ని చూసి విలువ కట్టే అలవాటు ఇక్కడ అక్కరకు రాదు. ఇది ఫలానా శిల్పమేనని నిరూపించే ఆధారం, దాని ఉపరితలం ఇప్పుడున్న స్థితి, ఈ రెండింటి మీదే ధర నిలబడుతుంది.

అందువల్ల మొదటి పని గుర్తింపు. 1975లో ఒట్టావాలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ కెనడా జడ్ పనుల సమగ్ర సూచికను ప్రచురించింది. దాన్ని కూర్చిన ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో అందులోని ప్రతి పనికీ ‘డిఎస్‌ఎస్’ సంఖ్య ఉంటుంది. ఆ తర్వాతి కాలపు పనులకు కార్ఖానా ముద్ర ముఖ్యం: ‘77-41 బెర్న్‌స్టీన్’ అన్న గుర్తులో 77 అనేది 1977వ సంవత్సరాన్ని సూచిస్తుంది. శిల్పం వెనక ఉన్న ముద్రను, లియో కాస్టెల్లి వంటి గ్యాలరీల అమ్మకపు రశీదులను పక్కపక్కన పెట్టుకొని చూడాలి. ఎవరు చేయించారన్నది ఊరికే అడిగే ప్రశ్న కాదు. ఇటలీ సంగ్రాహకుడు జుసెప్పె పాంజా కొన్న ప్రణాళికల ఆధారంగా తన పర్యవేక్షణ లేకుండా చేయించిన శిల్పాలను జడ్ బహిరంగంగా నిరాకరించారు.

తర్వాత అది ఏ రకానికి చెందినదో తేల్చుకోవాలి. గోడ మీద ఒకదానిపై ఒకటిగా నిలిచే ‘స్టాక్’, అడ్డంగా సాగే ‘ప్రోగ్రెషన్’, నేల మీది పెట్టె, ఒంటరి గోడపెట్టె, వీటన్నింటికీ వేర్వేరు ధరల చరిత్ర ఉంది. ఒకే రకంలోనూ కొలత తేడా తెస్తుంది. పెద్ద స్టాక్‌లో ఒక్కో పెట్టె 9 అంగుళాల ఎత్తు, 40 వెడల్పు, 31 లోతు ఉంటుంది. పెట్టెకూ పెట్టెకూ మధ్య మళ్లీ 9 అంగుళాల ఖాళీ. పది పెట్టెలకు 90, తొమ్మిది ఖాళీలకు 81 కలిపితే 171 అంగుళాలు, అంటే 14 అడుగుల 3 అంగుళాలు. నేలకూ మొదటి పెట్టెకూ మధ్య వదిలే ఖాళీ దీనికి అదనం. 6 అంగుళాల పెట్టెలు, 6 అంగుళాల ఖాళీలు ఉన్న చిన్న స్టాక్ ఇదే లెక్కన 9 అడుగుల 6 అంగుళాలకు సరిపోతుంది. కాబట్టి పెద్దదాని ధరను చూసి చిన్నదాని ధరను దామాషాలో తగ్గించడం తప్పు. ఆ రెండింటినీ కొనేవాళ్లే వేరు.

నా దృష్టిలో అంచనా కట్టేవారు అన్నింటికంటే ఎక్కువ సమయం వెచ్చించవలసింది ఉపరితలం మీద. ట్యూబులైట్లతోనే శిల్పాలు చేసిన డాన్ ఫ్లావిన్ పనిలో ఒక ట్యూబులైటు మాడిపోతే మార్చుకోవచ్చు, అక్కడ విలువంతా ధ్రువపత్రంలో ఉంటుంది. జడ్ పనిలో ఆ వెసులుబాటు లేదు. జింకు పూత పూసిన ఇనుప రేకు మీద స్ఫటికాల్లా మెరిసే మచ్చల అల్లిక ఉంటుంది. దాని మీద గీత పడితే చుట్టుపక్కల అల్లికతో కలిసిపోయేలా సరిచేయడం దాదాపు అసాధ్యం. అనోడైజ్ చేసిన (విద్యుత్తుతో పైన పలుచని ఆక్సైడ్ పొర ఏర్పరచిన) అల్యూమినియాన్ని ఒట్టి చేత్తో తాకితే, వేలి నూనె, ఉప్పు వెంటనే తుడవకపోతే పైపొరను తినేసి శాశ్వతమైన ముద్ర వదులుతాయి. ప్లెక్సీగ్లాస్ అనే గాజులాంటి ప్లాస్టిక్ అంచుల్లో సన్నని పగుళ్లు, రంగు వెలసిన చోట్లు ఉన్నాయేమో పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టి చూడాలి. 1960ల నడుమ చేసిన కొన్ని పనులకు హార్లీ-డేవిడ్‌సన్ మోటారుసైకిళ్లకు వాడే మెరిసే ల్యాకర్ రంగు వేశారు. అలాంటిదానికి తర్వాతెవరో మళ్లీ రంగు వేశారని తెలిస్తే ధర గట్టిగా పడిపోతుంది. వేలం సంస్థ ఇచ్చే కండిషన్ రిపోర్టును చదవడంతో సరిపెట్టుకోకుండా, లోహపు పనులు తెలిసిన సంరక్షకుడిచేత విడిగా పరీక్ష చేయించడం మంచిది.

ఇక పోలికలు. రకం, కొలత, లోహం, కాలం నాలుగూ కలిసే అమ్మకాలను గత పదేళ్లలోంచి ఏరుకోవాలి. ప్రకటించిన ధరలో కొనుగోలుదారు వేలం సంస్థకు అదనంగా చెల్లించే ప్రీమియం కలిసి ఉంటుంది, కేటలాగులోని అంచనాలో అది ఉండదు. ఈ రెండింటినీ నేరుగా పోల్చేవారు ఎప్పుడూ ఎక్కువ కడతారు. 2013 నవంబరులో న్యూయార్క్‌లోని క్రిస్టీస్‌లో 1963 నాటి ‘డిఎస్‌ఎస్ 42’ అమ్మకాన్నే చూడండి. ప్రకటించిన ధర 1,41,65,000 డాలర్లు. సుత్తి పడింది, అంటే వేలంపాట ఆగింది, 1,25,00,000 దగ్గర. మొదటి లక్షకు 25 శాతం, అక్కడి నుంచి 20 లక్షల వరకు 20 శాతం, ఆపైన 12 శాతం చొప్పున ప్రీమియం 16,65,000 అయింది. ఈ శాతాలు తరచూ మారుతుంటాయి కాబట్టి పాత ఫలితాలన్నింటినీ ముందుగా సుత్తి ధరలోకి మార్చుకోవాలి. పైగా ఇది తొలినాళ్ల అరుదైన పని. దీన్ని ఆధారంగా తీసుకొని 1980ల నాటి గోడపెట్టెకు విలువ కట్టకూడదు.

అమ్ముడుపోని వాటినీ లెక్కలోకి తీసుకోవాలి. రిజర్వు ధరకు, అంటే అమ్మేవారు ఒప్పుకున్న కనీస ధరకు, చేరక వెనక్కి వెళ్లిన శిల్పం ధరల జాబితాలో కనిపించదు, కానీ మార్కెట్టు ఎక్కడ ఆగిందో అది స్పష్టంగా చెబుతుంది. కేటలాగులో గ్యారంటీ గుర్తు ఉన్న వస్తువుకు కనీస ధర ముందే ఖాయమై ఉంటుంది కనుక, ఒక్కరే పాడి కొన్న అలాంటి ఫలితానికి తక్కువ బరువు ఇవ్వాలి. యాజమాన్య చరిత్రలో పేరున్న సంగ్రహమో, జడ్ ఫౌండేషనో ఉంటే అంచనాను పై అంచున నిలపవచ్చు. 2006లో ఆ ఫౌండేషన్ తన దగ్గరి పనులు కొన్నింటిని క్రిస్టీస్ ద్వారానే అమ్మింది.

చివరికి ఇచ్చేది ఒకే అంకె కాకుండా కింది, పై హద్దులతో ఒక పరిధిగా ఉండాలి. అది అమ్మకం కోసమా, బీమా కోసమా అన్నది రాతపూర్వకంగా చెప్పాలి, ఎందుకంటే బీమా విలువ అలాంటి మరొకదాన్ని గ్యాలరీలో కొనడానికయ్యే ఖర్చు కాబట్టి సాధారణంగా ఎక్కువే ఉంటుంది. అమ్మకం కోసమైతే రిజర్వు ధర కింది హద్దును మించకూడదు. సంస్థ కమిషను, రవాణా, బీమా తీసివేశాక అమ్మేవారి చేతికి ఎంత వస్తుందో అదే కాగితం మీద వేరే వరుసలో రాసి ఇవ్వాలి.