వెనక కట్టిన సైకిల్ మొరాయిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

ఒక సైకిల్ తొక్కుతూ ఇంకో ఖాళీ సైకిల్‌ని లాక్కెళ్లడానికి నమ్మదగ్గ పద్ధతులు రెండు. ఒకటి, దాని ముందు చక్రాన్ని నేలకు తగలకుండా ఎత్తి మన క్యారియర్ పక్కన పట్టీలతో కట్టడం. రెండోది, ఆ చక్రం ఊడదీసి, క్యారియర్‌కి బిగించిన పాత ముందు హబ్బు (చక్రం మధ్యలో ఇరుసు ఉండే గుల్ల) ఇరుసుకి ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లు) తగిలించడం. తాడు కట్టి లాగడం లెక్కలోకి రాదు; మనిషి లేని సైకిల్ తాడు చివర నిలబడదు.

రెండింటికీ సూత్రం ఒకటే. వెనక సైకిల్ కుడి ఎడమలకు తిరగాలి, అది దాని హ్యాండిల్ బేరింగుల పని. గతుకుల్లో పైకీ కిందకీ కదలాలి, అది హబ్బు పని. పక్కకు మాత్రం తనంతట తాను ఒరగకూడదు.

ఒక పక్కకి వాలిపోతోంది
చక్రాన్ని ఒక్కచోటే కట్టి ఉంటారు, లేదా సాగే హుక్కుల తాడు వాడి ఉంటారు. మూడు చోట్ల కట్టండి: క్యారియర్ పైకడ్డీకి ఎడంగా రెండు, కింద క్యారియర్ కాలికి ఒకటి. బకిల్ ఉన్న, సాగని పట్టీలు వాడండి. పట్టీ రిమ్మునూ టైరునూ కలిపి చుట్టాలి. ఉత్త పుల్లలకు (స్పోకులకు) కడితే అవి వంగుతాయి. రిమ్ముకీ కడ్డీకీ మధ్య పాత ట్యూబు ముక్క పెడితే జారదు. కొంత దూరం వెళ్లాక ఆగి పట్టీలు మళ్లీ లాగి బిగించండి, మొదటిసారి ఎలాగూ కాస్త వదులవుతాయి.

మలుపులో మన వెనక చక్రాన్ని పక్కకి తోస్తోంది
హ్యాండిల్ కొట్టుకోకుండా ఉండాలని దాన్ని ఫ్రేముకి కట్టేశారా? అందరూ చేసే పొరపాటు ఇదే. తిరగాల్సిన కీలు అక్కడే ఉంది, కట్టు విప్పండి. విప్పినా బిగుసుకుంటే హ్యాండిల్ బేరింగులు అతిగా బిగించి ఉండాలి, లేదా బ్రేకు తీగ పొట్టిగా ఉండి మధ్యలో ఆపుతుండాలి. ఎక్కే ముందు సైకిళ్లను చేత్తో నడిపిస్తూ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూస్తే ఇది రోడ్డెక్కకముందే తెలిసిపోతుంది.

వేగం పెరిగితే తోక ఊగుతోంది
ముందు క్యారియర్ స్క్రూలు చూడండి. తర్వాత కట్టు విప్పి, వెనక సైకిల్ ముందు బ్రేకు పట్టి ముందుకీ వెనక్కీ కుదపండి. హ్యాండిల్ కింద టకటకమంటే బేరింగు వదులు. ఫోర్కు గొట్టానికి మరలు (గాట్లు) ఉన్న పాతరకానికి పై కప్పు సరిచేసి లాక్ నట్టు బిగించాలి. కొత్తరకానికి స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే ముక్క) పక్క బోల్టులు వదులు చేసి, పైమూత బోల్టును ఆ వదులు పోయేంతవరకే తిప్పి, మళ్లీ పక్క బోల్టులు బిగించాలి. ఈ వరస తప్పితే ఫలితం ఉండదు. వెనక సైకిల్ మీద సామాను ఉంటే తీసేయండి. అన్నీ సరిగ్గా ఉన్నా గంటకు 15 కి.మీ. దాటకపోవడం మేలు.

గతుకు దగ్గర క్యారియర్ దబ్బుమంటోంది, స్క్రూలు తెగుతున్నాయి
పైకీ కిందకీ కదలిక బిగుసుకుపోయింది. కారు మీద సైకిల్ నిలబెట్టే కదలని ఫోర్కు బిగింపు వాడితే జరిగేది ఇదే. పాత హబ్బు ఎందుకంటే, దాని గుల్ల క్యారియర్‌ని పట్టుకుని ఉండగా ఇరుసు లోపల తిరుగుతుంది. చక్రం కట్టే పద్ధతిలో వెనక సైకిల్ ముందు బ్రేకు లివరు నొక్కి కట్టినా ఇదే తంటా. చక్రం కదలదు కాబట్టి దాని చుట్టూ ఫోర్కు తిరగాలి.

ఎత్తు ఎక్కేటప్పుడు మన హ్యాండిల్ తేలిపోతోంది
వెనక సైకిల్ బరువులో దాదాపు సగం క్యారియర్ మీద పడుతుంది. 16 కిలోల సైకిల్‌కి 8 కిలోలు. కట్టు మన వెనక ఇరుసుకి వీలైనంత దగ్గరగా, కిందగా ఉండాలి. మన సంచి హ్యాండిల్ వైపు మార్చండి.

మడమ తగులుతోంది
చక్రాన్ని వెనక్కి జరపండి, కానీ మడమ తప్పేంతవరకే. మన సైకిల్‌కి గేర్ల యంత్రం కుడివైపు ఉంటే ఎడమపక్కనే కట్టండి.

బ్రేకు వేస్తే వెనకనుంచి తోసి అడ్డం తిరుగుతోంది
మలుపులో బ్రేకు వేస్తున్నారు. మలుపుకి ముందే, నిటారుగా వెళ్తుండగా వేగం తగ్గించండి. వెనక సైకిల్ మలుపు లోపలివైపు కోసుకుపోతుంది కాబట్టి వెడల్పుగా తిరగండి.

తీసిన చక్రం మళ్లీ పెడితే డిస్కు బ్రేకులో దూరడం లేదు
హైడ్రాలిక్ బ్రేకు లివరు దారిలో నొక్కుకుపోయి ప్యాడ్లు దగ్గరైపోయాయి. చదునైన ప్లాస్టిక్ పుల్లతో వాటిని నెమ్మదిగా వెనక్కి తోయండి. ఈసారి చక్రం తీయగానే మధ్యలో మందపాటి అట్టముక్క దూర్చండి.