పెళ్లి వీడియోలో ఫోటోలు మిణుకుమిణుకుమంటుంటే

పాత మినీ డీవీ టేపు నుంచి ఎక్కించిన పెళ్లి వీడియోలో మధ్యమధ్య ఆల్బమ్ ఫోటోలు పెడతాం. కంప్యూటర్‌లో బాగానే ఉంటాయి. డీవీడీ చేసి టీవీలో వేసేసరికి పట్టుచీర జరీ అంచు మిణుకుమిణుకుమంటుంది, మెట్ల అంచులు వణుకుతాయి. ఫోటో చెడిపోలేదు, మరీ స్పష్టంగా ఉంది. చిక్కంతా అక్కడే.

మన టేపులు పాల్ (మన దేశంలో వాడిన టీవీ ప్రమాణం) పద్ధతివి. 576 గీతలున్న ఒక్కో ఫ్రేమును రెండు ఫీల్డులుగా విడగొడతారు: ఒకదాంట్లో బేసి గీతలు, రెండోదాంట్లో సరి గీతలు. సెకనుకు 50 ఫీల్డులు. ఇలా విడగొట్టిన వీడియోనే ఇంటర్‌లేస్డ్ అంటారు. జరీలో ఒక పోగు సరిగ్గా ఒక్క గీత మందమే ఉంటే అది ఒక ఫీల్డులోనే పడుతుంది, సెకనుకు 25 సార్లు వెలిగి ఆరుతుంది. ఇంటర్‌లేస్డ్ వీడియో కెమెరా పక్కపక్క గీతలను కలిపి చదువుతుంది కాబట్టి అది తీసిన బొమ్మలో ఈ మిణుకు తక్కువ. ఫోటోకి ఆ మెత్తదనం మనమే ఇవ్వాలి.

ముందు ఒకటి తేల్చుకోండి: అసలు ఇంటర్‌లేస్డ్ అవసరమా? వీడియో వెళ్లేది యూట్యూబ్‌కో ఫోన్‌కో అయితే అక్కర్లేదు. హ్యాండ్‌బ్రేక్ (వీడియోలను మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్)లో డీఇంటర్‌లేస్ (ఫీల్డులను పూర్తి ఫ్రేములుగా మార్చే) ఫిల్టరు యాడిఫ్, ప్రీసెట్ బాబ్, ఫ్రేమ్ రేటు 50 కాన్‌స్టంట్ పెట్టి టేపు క్లిప్పులను మార్చుకోండి. తర్వాత 50 ఫ్రేముల ప్రోగ్రెసివ్ (ఫీల్డులు లేని, పూర్తి ఫ్రేముల) టైమ్‌లైన్‌లో ఎడిట్ చేస్తే ఫోటోల మిణుకు పుట్టనే పుట్టదు. కింద చెప్పేదంతా డీవీడీకో, ఇంటర్‌లేస్డ్ ఫైలే కావాలనే టీవీ చానల్‌కో ఇచ్చేటప్పటికి.

ఫోటోషాప్‌లో ముందు సైజు తగ్గించి, ఆ తర్వాతే బ్లర్ ఇవ్వండి. చాలామంది తిరగేసి చేసి, ఫలితం లేదంటారు. 4000×3000 ఫోటోలో దాదాపు 5 గీతలు కలిస్తే వీడియోలో ఒక గీత అవుతుంది. పెద్ద సైజులో 2 పిక్సెళ్ల బ్లర్ ఇస్తే తగ్గించేసరికి అది మాయమైపోతుంది. 4:3 డీవీ టైమ్‌లైన్‌కు ప్రీమియర్ (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) లెక్కలో ఫోటో 788×576 ఉండాలి. నేరుగా 720×576కు కత్తిరిస్తే ప్రీమియర్ దాన్ని డీవీ వెడల్పు పిక్సెళ్లుగా లెక్కేస్తుంది, మనుషులు అడ్డంగా సాగుతారు. సైజు తగ్గించేటప్పుడు రీశాంపుల్ దగ్గర ఆటోమేటిక్ వదిలేయకండి. అది తగ్గింపుకు షార్పర్ పద్ధతిని ఎంచుకుని, మనం వద్దనుకునే పదునునే పెంచుతుంది. మామూలు బైక్యూబిక్ చాలు. ఆపైన మోషన్ బ్లర్, యాంగిల్ 90, డిస్టెన్స్ 2. నిలువు దిశలోనే మెత్తబడుతుంది కాబట్టి ముఖాలు పెద్దగా మసకబారవు. ఇంకా మిణుకు ఉంటే 3 చేయండి.

ఫోటోను 150 శాతం దాకా జూమ్ చేయాలనుకుంటే 1182×864 సైజులో ఉంచుకుని, పూర్తి ఫోటో కనిపించే చోటును బట్టి బ్లర్ 3 ఇవ్వండి. మిణుకు ఎక్కువగా కనిపించేది అక్కడే.

ఫోటోషాప్ దాకా వెళ్లే తీరిక లేకపోతే, ప్రీమియర్‌లో ఫోటో మీద రైట్ క్లిక్ చేసి ఫీల్డ్ ఆప్షన్స్‌లో ఫ్లికర్ రిమూవల్ పెట్టండి. నాలుగైదు ఫోటోలకు సరిపోతుంది. దగ్గరదగ్గరగా నేసిన జరీకి మాత్రం పైన చెప్పిన పద్ధతే నమ్మదగింది.

టైటిళ్లకూ ఇదే జబ్బు. తెలుగు అక్షరాల్లో గుండ్రని మలుపు పైనా కిందా సన్నబడే ఫాంట్లు ఎక్కువ. ఆ సన్నని చోటు కనీసం 2 గీతల మందం, కుదిరితే 3 ఉండేలా బోల్డ్ ఫాంటు తీసుకోండి.

వీడియోలోంచే ఒక ఫ్రేము ఆపి ఫోటోగా వాడుకోవడంలో ఇబ్బంది వేరు. తలంబ్రాలు పోస్తున్న క్షణాన్ని ఆపితే చేతి అంచున దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తాయి, ఒకే బియ్యపు గింజ రెండు చోట్ల కనిపిస్తుంది. రెండు ఫీల్డుల మధ్య సెకనులో 50వ వంతు తేడా ఉండటమే కారణం. ఆ ఫ్రేమును ఇంటర్‌లేస్డ్ టైమ్‌లైన్‌లో అలాగే వదిలేస్తే చెయ్యి ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. ఫీల్డ్ ఆప్షన్స్‌లో ఆల్వేస్ డీఇంటర్‌లేస్ పెట్టండి. లేదా ఆ ఫ్రేమును ఎక్స్‌పోర్ట్ చేసి, ఫోటోషాప్‌లో ఫిల్టర్, వీడియో, డీఇంటర్‌లేస్ తెరిచి, ఇంటర్‌పొలేషన్ ఎంచుకుని, ఆడ్, ఈవెన్ రెండూ చేసి చూడండి. రెండూ వేర్వేరు క్షణాలు కాబట్టి ఒకదాంట్లో కళ్లు తెరిచి ఉండొచ్చు. కదలిక లేని ఫ్రేమైతే దీని జోలికి పోవద్దు, నిలువు వివరంలో సగం ఊరికే పోతుంది.

ఫోటో కదలకుండా ఉన్నప్పుడు బాగుండి, పక్కకు జరుపుతుంటేనే కుదుపులొస్తుంటే ఫీల్డ్ ఆర్డర్ (రెండు ఫీల్డుల్లో ఏది ముందు రావాలన్నది) చూడండి. డీవీకి లోయర్ ఫస్ట్, 1080ఐ (ఇంటర్‌లేస్డ్ హెచ్‌డీ)కి అప్పర్ ఫస్ట్. సీక్వెన్స్‌లోనూ ఎక్స్‌పోర్ట్‌లోనూ ఒకటే ఉండాలి.

ఇవేవీ కంప్యూటర్ మానిటర్ మీద తేలవు. జరీ అంచున్న ఫోటో, ఒక టైటిలు, నెమ్మదిగా జరిగే ఫోటో కలిపి ఒక నిమిషం ముక్క చేసి, తిరగరాయగల డీవీడీలో ఎక్కించి టీవీలో చూడండి. పాత డబ్బా టీవీ దొరికితే మరీ మంచిది, అది ఏ లోపాన్నీ దాచదు.