ఒక్క నటితో గంట నాటకం: ఉషా గంగూలీని మన వేదిక మీదికి తేవడం ఎలా?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు మన తెలుగు సంఘాల ఉగాది సభల్లో ఏకపాత్రాభినయం అంటే ఇప్పటికీ గద పట్టిన దుర్యోధనుడే. పది నిమిషాల్లో అయిపోతుంది. అదే వేదిక మీద ఒక్క నటి గంటసేపు ఒక దర్శకురాలి జీవితం ఆడాలంటే పద్ధతి వేరు. ఇక్కడ ఉషా గంగూలీని తీసుకుంటున్నాను. బెంగాలీ నాటకం రాజ్యమేలే కలకత్తాలో హిందీ నాటకాలు వేసి నిలబడ్డారావిడ. ఒడియా ఊళ్లో తెలుగు నాటకం వేసే మనకు ఆ కష్టం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ముందు ఒక నోట్‌బుక్కులో వివరాలన్నీ రాసుకోండి. భరతనాట్యం నేర్చుకున్నారు, కాలేజీలో హిందీ పాఠాలు చెప్పారు. 1970లో ‘మిట్టీ కీ గాడీ’లో, అంటే మన మృచ్ఛకటికంలో, వసంతసేన వేశారు. 1976లో ‘రంగకర్మీ’ నాటక సంస్థ పెట్టారు. బెంగాలీ రంగస్థల నటి తృప్తి మిత్ర దర్శకత్వంలో నార్వే రచయిత ఇబ్సెన్ నాటకం ‘గుడియా ఘర్’లో నటించారు. 1984లో ‘మహాభోజ్’కు, 1992లో ‘రుదాలి’కి తానే దర్శకత్వం వహించారు. 1998లో సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. 2020 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

ఇప్పుడు ఇందులో ముప్పాతిక భాగం కొట్టేయండి. పుట్టింది మొదలు పోయేదాకా వరసగా చెబితే అది సంతాపసభ అవుతుంది. పైగా దర్శకురాలి పనితనం కనిపించేది ఇతర నటుల ఒంట్లో. ఆ నటులెవరూ లేకుండా ఆమె గొప్పదనం చూపించడమే ఈ నాటకంలో అసలు చిక్కు.

దానికి నాకు తెలిసిన మంచి ఉపాయం, కథంతా ఒక్క రిహార్సల్‌లో పెట్టడం. ‘రుదాలి’ రిహార్సల్ అనుకోండి. ప్రేక్షకులే ఆమె బృందం. నటి మూడో వరసలో కూర్చున్న పెద్దాయన్ని చూసి, “ఆలస్యంగా వచ్చి అలా కాళ్లు చాపుకుంటే ఎలా?” అనాలి. జనం నవ్వుతారు, ఆ నవ్వుతో ఆటలోకి వచ్చేస్తారు. కిరాయికి ఏడ్చే ఆడవాళ్ల కథ కదా, ఏడుపు ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆపాలో వాళ్లకు నేర్పుతూ ఉండగా వసంతసేన రోజులు, తృప్తి మిత్ర ముందు నిలబడ్డ రోజులు మధ్యలో దూరతాయి. ‘రుదాలి’లో ముఖ్యమైన శనిచరి పాత్ర ఉషా గంగూలీయే వేశారు కాబట్టి మన నటి దర్శకురాలి గొంతులోంచి శనిచరి గొంతులోకి జారడానికి దారి ఉంది.

ఒక జాగ్రత్త. ‘రుదాలి’ బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి కథ. ఆవిడ 2016లో పోయారు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్లదాకా హక్కులుంటాయి. నాటకీకరణ హక్కులు వేరే. అనుమతి లేకుండా ఆ డైలాగులు వాడొద్దు. రిహార్సల్ మాటలన్నీ మీరే రాసుకుని, అవి ఊహించినవని కరపత్రంలో చెప్పేయండి.

పెద్దగా చదివితే నలభై అయిదు నిమిషాలు దాటని స్క్రిప్టు గంట ఆటకు సరిపోతుంది. మన పిల్లల్లో చాలామంది ఒడియా మీడియం వాళ్లు. నటికి తెలుగు చదవడం కష్టమైతే తెలుగు డైలాగులే ఒడియా లిపిలో రాసివ్వండి. నామోషీ ఏమీ లేదు. స్క్రిప్టులో కలకత్తా టీకొట్టువాడెవరైనా వస్తే అతని మాటలు నాలుగు బెంగాలీలోనే ఉంచితే హాల్లో మనకంటే ముందు ఒడియావాళ్లు నవ్వుతారు.

పాత్ర మారడానికి బట్టలు మార్చాల్సిన పని లేదు. హరిదాసు భుజం తిప్పి, చూపు మార్చి ఇద్దరిగా ఎలా కనిపిస్తాడో గమనించండి. లేని నటులు ఎక్కడ నిలబడ్డారో నేల మీద సుద్దతో గుర్తు పెట్టి, నటి చూపు ప్రతిసారీ అక్కడే ఆగేలా సాధన చేయించండి. దీన్ని నిర్లక్ష్యం చేస్తే మిగతాదంతా వృథా.

మన బరంపురం ఉన్న గంజాం జిల్లా జనం ప్రహ్లాద నాటకం అనే జానపద ఆట చూసి పెరిగినవాళ్లు. మెట్ల మీద హిరణ్యకశిపుడు, కింద గాయకుడు, వాయిద్యాల హోరు, తెల్లవార్లూ ఆట. వాళ్ల ముందు ఉట్టి మాటలతో గంట లాగలేం. ఒక మద్దెల, ఒక తాళాల జత పక్కన పెట్టుకోండి. రికార్డు సంగీతం మాత్రం వద్దు. లైట్లు రెండు చాలు, ఒకటి రిహార్సల్‌కి, ఒకటి జ్ఞాపకానికి.

డైలాగు మర్చిపోతే? ఒంటరి నటికి ఉండే అసలు టెన్షన్ ఇదే. ప్రాంప్టర్‌ని తెర వెనక దాచకుండా, స్క్రిప్టుతో ముందు వరసలో బృంద సభ్యుడిలా కూర్చోబెట్టండి. నటి తడబడితే, “అమ్మా, నిన్న ఇక్కడ ఇలా అన్నారు” అని అందిస్తాడు. రిహార్సల్ కాబట్టి అదీ నాటకమే అనుకుంటారు.

ఆరుబయట ఆడితే రాత్రి 10 తర్వాత మైకు కుదరదు. ఏడింటికి మొదలుపెట్టండి. బరంపురంలో అయితే ఠాకురాణి యాత్ర, అంటే అక్కడి అమ్మవారి జాతర, జరిగే రోజులు చూసుకుని తేదీ ఖాయం చేయండి. ఆ రోజుల్లో హాలు దొరికినా జనం దొరకరు.