స్టేషన్ బండి, స్టేషన్ ఫోన్: కొత్త కానిస్టేబుల్‌కు నాలుగు మాటలు

తమ్ముడూ, ట్రైనింగ్‌లో నీకు పరేడ్ నేర్పారు, చట్టం నేర్పారు. స్టేషన్‌కొచ్చాక రోజూ చేతిలో ఉండేవి మాత్రం బండి తాళం, ఫోను. స్టేషన్ రాతపని చూసే రైటర్‌గా చేసి, బండ్లు చూసే ఎంటీ సెక్షన్‌లోనూ పనిచేసిన హెడ్ కానిస్టేబుల్‌గా చెబుతున్నా, విను.

తాళం తీసుకునే ముందే మీటర్ చూడు. లాగ్‌బుక్‌లో నిన్న రాసిన క్లోజింగ్ కిలోమీటర్లే మీటర్‌లోనూ కనిపించాలి. తేడా ఉంటే దిగిపోతున్న డ్రైవర్‌ని అక్కడే అడుగు. తాళం నీ చేతికొచ్చాక లెక్కా నీదే. ఆయిల్, టైర్లు, సైరన్ అందరూ చూస్తారు. స్టెప్నీలో గాలి ఉందా, జాకీ ఉందా అని ఎవరూ చూడరు. నువ్వు చూడు.

ఎందుకెళ్లారన్న చోట 'బందోబస్తు' అని ఒక్క ముక్క రాసి ఊరుకోకు. '9.40కి బయల్దేరి, 100 కాల్ మీద, బస్టాండ్ దగ్గర గొడవ, ఎస్సైగారితో, 10.35కి తిరిగి స్టేషన్; 7 కి.మీ.' ఇలా ఉండాలి. సంతకం ఆ రోజే తీసుకో. నెలంతా ఒకే పెన్ను, ఒకే వాలు ఉంటే పై ఆఫీసులో పేజీ తిప్పగానే పట్టేస్తారు. డీజిల్ పోయించినప్పుడు లీటర్లు, బిల్లు నంబరు, అప్పటి మీటర్ మూడూ రాయి. మైలేజీ పడిపోతోందంటే ఆ మూడింటిలోనే దొరుకుతుంది.

ఎవరైనా సొంత పనికి బండి తీయమన్నారనుకో, ఎదురు చెప్పకు. 'లాగ్‌బుక్‌లో ఏమని రాయమంటారు సార్?' అని వినయంగా అడుగు. చాలాసార్లు ఆ ప్రయాణం అక్కడే ఆగిపోతుంది.

నడుపుతూ ఫోన్ ఎత్తకు, పక్కవాళ్లకివ్వు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 210బి అనే సెక్షన్ వచ్చింది. ఆ చట్టాన్ని అమలు చేసేవాళ్లే తప్పు చేస్తే జరిమానా రెట్టింపు.

ఇక ఫోన్. ఎత్తగానే స్టేషన్ పేరు, నీ పేరు చెప్పు. మొదటి ప్రశ్న 'ఎక్కడ?' అనే ఉండాలి. లైన్ కట్టయినా చోటు తెలిస్తే బండి కదులుతుంది. ఏం జరిగింది, ఎవరికైనా దెబ్బలు తగిలాయా, మీ పేరు, నంబరు అన్నవి ఆ తర్వాత. కంగారులో అడ్రస్ చెప్పలేకపోతే 'పక్కన ఏం కనిపిస్తోందమ్మా? గుడా, వాటర్ ట్యాంకా, ఏదైనా కొట్టు బోర్డా?' అని అడుగు. 'మా పరిధి కాదు' అని పెట్టేయకు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం, కేసు పెట్టదగ్గ నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాల్సిందే. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోయిందంటే కథంతా వింటూ కూర్చోకు. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించు, డబ్బు చేతులు మారకముందే ఆపే వీలుంటుంది.

కాల్ వచ్చిన టైమ్ వెంటనే జనరల్ డైరీకి (జీడీ, స్టేషన్‌లో రోజూ జరిగేవి రాసే పుస్తకం) ఎక్కాలి. కాల్ 9.35కి వచ్చిందని జీడీలో, బండి 9.20కే కదిలిందని లాగ్‌బుక్‌లో ఉంటే డిఫెన్స్ లాయర్ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, 'ఫోన్ రాకముందే ఎలా వెళ్లారండీ?' అంటాడు. నిజంగా వెళ్లి ప్రాణం కాపాడినా బోనులో నీళ్లు నమలాల్సిందే. ఇలాంటి తేడాల్లో చాలావాటికి కారణం గోడ గడియారమే. దాన్నీ బండి గడియారాన్నీ మొబైల్ టైమ్‌తో కలిపి ఉంచు. ఇంత చిన్న పని ఎవరూ చేయరెందుకో!

శాఖ ఇచ్చే సీయూజీ సిమ్ ఆ పోస్టుది, నీది కాదు. దానితో నీ బ్యాంకు ఖాతాలు కలపకు. ఘటనా స్థలం ఫొటోలు ఐవోకి (కేసు దర్యాప్తు చేసే అధికారికి) తప్ప వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకు. అత్యాచార బాధితురాలు ఎవరో తెలిసే వివరాలు బయటపెడితే బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు.

డ్యూటీ దిగేటప్పుడు ఇంకా తేలని కాల్స్ ఏవో వచ్చేవాళ్లకు నోటితో చెప్పు, రాసీ ఇవ్వు. ఫోన్, మ్యాన్‌ప్యాక్ (చేతి వైర్‌లెస్ సెట్), వాటి ఛార్జర్లు లెక్కపెట్టి అప్పజెప్పి సంతకం తీసుకో. ఎక్కువగా మాయమయ్యేవి ఛార్జర్లే.