రోడ్డుకీ ట్రాక్‌కీ ఒకే కారైతే బ్రేకు ప్యాడ్లు ఎలా ఎంచుకోవాలి?

గోదావరి జిల్లాల్లో రేస్ ట్రాక్ లేదు. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న 3.717 కి.మీ. మద్రాస్ సర్క్యూట్‌కి వెళ్లాలంటే భీమవరం నుంచైనా అమలాపురం నుంచైనా 500 కి.మీ. పైమాటే. కారును ట్రైలర్ మీద వేసుకెళ్లే స్తోమత అందరికీ ఉండదు. తోలుకుంటూ వెళ్లి, ట్రాక్ మీద తిప్పి, అదే కారులో ఇంటికి రావాలి. కాబట్టి తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు గేదె అడ్డం వచ్చినా ప్యాడ్ మొదటి తొక్కుడుకే పట్టాలి. గంటకు 150 కి.మీ. వేగం నుంచి పదేసిసార్లు వరసగా తొక్కినా పట్టాలి. ఈ రెండు గుణాలూ ఒకే ప్యాడ్‌లో నూటికి నూరు పాళ్లు దొరకవు. మా సలహా అయితే ముందు రోడ్డు సంగతి చూసుకోవాలి. ట్రాక్ మీద వచ్చే లోటును బ్రేకు ఆయిల్‌తోనూ, తోలే తీరుతోనూ చాలావరకు పూడ్చుకోవచ్చు. చల్లగా ఉండి పట్టని ప్యాడ్‌కు మాత్రం రోడ్డు మీద మందు లేదు.

1. ముందు దేని వల్ల బ్రేకు పోతోందో తేల్చుకోండి

ట్రాక్‌కి వెళ్లొచ్చినవాళ్లు "బ్రేకులు పోయాయి" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. అందులో కనీసం మూడు వేర్వేరు జబ్బులుంటాయి.

పెడల్ మెత్తబడి కిందికి దిగిపోయి, రెండు మూడుసార్లు గబగబా కొడితే మళ్లీ పైకొస్తోందంటే ప్యాడ్‌ను తిట్టుకోకండి. ప్యాడ్లను డిస్కుకి నొక్కే క్యాలిపర్‌లో బ్రేకు ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుట్టాయి. అలా కాక పెడల్ రాయిలా ఉండి, ఎంత తొక్కినా కారు ముందుకే పోతుంటే అది ప్యాడ్ ఫేడ్. ప్యాడ్ పదార్థాన్ని అతికించి ఉంచే రెజిన్ వేడికి విడిపోయి పట్టు పడిపోయిందన్నమాట. ఇక ఆగుతోంది గానీ స్టీరింగ్ వణుకుతోందంటే డిస్కు వంగిపోయిందని లేతు పట్టించేయడం మన షెడ్లలో అలవాటు. చాలాసార్లు డిస్కు వంగి ఉండదు. ప్యాడ్ పదార్థం మచ్చలు మచ్చలుగా డిస్కుకి అంటుకుని ఉంటుంది. లేతు పట్టిస్తే వణుకు పోతుంది, దాంతోపాటు డిస్కు మందమూ పోతుంది. ఆ తర్వాత అది మరింత త్వరగా వేడెక్కుతుంది.

పెడల్ మెత్తబడిందంటే ముందు ఆయిల్ మార్చి ఇంకోసారి తిప్పి చూడండి. ప్యాడ్ల డబ్బు మిగలొచ్చు.

2. మీ కారు ఎంత వేడి పుట్టిస్తుందో లెక్క వేయండి

డ్రైవర్‌తో కలిపి 1,100 కిలోలుండే హ్యాచ్‌బ్యాక్‌ను 60 కి.మీ. వేగం నుంచి పూర్తిగా ఆపితే సుమారు 150 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. అదే కారును 150 నుంచి 60కి దించితే సుమారు 800. ఇందులో ముందు బ్రేకుల వాటా 70 శాతం, ముందు డిస్కులు రెండూ కలిపి 10 కిలోలు అనుకుందాం. మొదటి లెక్కలో డిస్కు వేడి 20 డిగ్రీలు పెరిగితే, రెండో లెక్కలో 110 డిగ్రీలు పెరుగుతుంది. ఊళ్లో అది చల్లారడానికి బోలెడు టైము ఉంటుంది. ట్రాక్ మీద పూర్తిగా చల్లారకముందే తర్వాతి మలుపు వచ్చేస్తుంది. నాలుగైదు ల్యాపుల్లో, అంటే ట్రాక్ చుట్టూ నాలుగైదు చుట్లలో, డిస్కు 400, 500 డిగ్రీలు చేరడంలో వింతేమీ లేదు.

కొలవాలంటే వేడికి రంగు మారే థర్మల్ పెయింట్ మంచిది. డిస్కు అంచున చిన్న చుక్కలు పెడతారు. ఆకుపచ్చ చుక్క 430 డిగ్రీలకు, నారింజది 560కి, ఎర్రది 610కి రంగు మారుతుంది. అందులో ఏ చుక్క మారిందో చూస్తే ప్యాడ్ ఎంపిక సగం తేలిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ గన్నుతో కొలిస్తే అంకె తక్కువగా వస్తుంది. మీరు పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటుకి, వచ్చేసరికే డిస్కు చాలా చల్లారి ఉంటుంది, పైగా మెరిసే ఇనుము ఆ గన్నును మోసం చేస్తుంది.

3. ప్యాడ్ రకాన్ని పేరును బట్టి కాక, గుణాన్ని బట్టి చూడండి

కారుతో వచ్చే మామూలు ఆర్గానిక్ ప్యాడ్లు చల్లగా ఉన్నా బాగా పట్టుకుంటాయి, అరవవు, డిస్కుని తినవు. డిస్కు 300 దాటాక వీటి పట్టు సడలుతుంది. సిరామిక్ అనగానే కుండలు కాల్చే వేడి గుర్తొచ్చి ట్రాక్‌కి పనికొస్తుందనుకుంటారు. షాపుల్లో దొరికే సిరామిక్ ప్యాడ్ చేసిందే చప్పుడూ నల్లపొడీ తగ్గడానికి. సూపర్ కార్లలో వాడే కార్బన్ సిరామిక్ డిస్కులతో దీనికి చుట్టరికం లేదు. సెమీ మెటాలిక్ రకంలో ఉక్కు పీచు, ఇనుప పొడి ఉంటాయి. వేడికి తట్టుకుంటుంది, కాస్త అరుస్తుంది, పొడి ఎక్కువ రాలుతుంది. రోడ్డుకీ ట్రాక్‌కీ పనికొచ్చే ప్యాడ్లు ఎక్కువగా ఈ కుటుంబంలోనివే. అచ్చమైన రేసు ప్యాడ్లు 700 డిగ్రీల దగ్గర కూడా పనిచేస్తాయి గానీ, కొన్నిటికి 150, 200 డిగ్రీలు ఎక్కితే తప్ప సరైన పట్టు రాదు. గేదె అడ్డం వచ్చినప్పుడు ఆ వేడి ఎక్కడి నుంచి తెస్తారు?

కంపెనీ కేటలాగ్‌లో మూడు అంకెలు వెతకండి: పని మొదలయ్యే వేడి, ఆగకుండా తట్టుకునే వేడి, పట్టు ఎంతో చెప్పే ఘర్షణ గుణకం. రోడ్డు టైర్లతో తిరిగే చిన్న కారుకి మొదటిది 50 డిగ్రీల లోపు, రెండోది 500 నుంచి 550, మూడోది 0.40 నుంచి 0.45 ఉంటే సరిపోతుంది. ఉదాహరణకు ఫెరోడో డీఎస్ 2500 రకానికి కంపెనీ చెప్పే పరిధి 20 నుంచి 500 డిగ్రీలు, గుణకం 0.42. అదే కొనమని చెప్పడం కాదు, ఏ కంపెనీదైనా ఇలాంటి అంకెలున్నది వెతకండి. గాళ్లు బాగా తక్కువుండే సెమీ స్లిక్ టైర్లు వేస్తే పట్టు పెరిగి వేడీ పెరుగుతుంది, అప్పుడు ఒక మెట్టు పైరకం కావాలి. "గరిష్ఠం 900 డిగ్రీలు" అని డబ్బా మీద రాసి, ఆగకుండా ఎంత తట్టుకుంటుందో రాయలేదంటే ఆ అంకెను పట్టించుకోవద్దు.

ప్యాడ్ అంచున అచ్చువేసిన అక్షరాల్లో చివరి రెండూ, అంటే ఎఫ్ఎఫ్, జీజీ లాంటివి, ఎస్ఏఈ జె866 అనే ప్రమాణం ప్రకారం ఘర్షణ తరగతులు. ఇంగ్లిష్ అక్షరం 'ఈ' (E) అంటే గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. మొదటి అక్షరం సుమారు 93 నుంచి 204 డిగ్రీల మధ్య కొలిచినది. రెండోది వేడెక్కాక, 343 డిగ్రీల దాకా. చల్లటి ప్యాడ్ సంగతీ, ట్రాక్ మీద 500 డిగ్రీల సంగతీ ఈ అక్షరాలు చెప్పవు. నాసిరకాన్ని పక్కన పెట్టడానికి పనికొస్తాయి, అంతే.

మన దగ్గర ఇంకొకటి తప్పకుండా చూడాలి, ప్యాడ్ వెనకుండే ఇనుప పలక. సముద్రపు గాలి, రొయ్యల చెరువుల ఉప్పు, ముందు పోయే చేపల లారీ కారుస్తూ పోయే ఐసు నీళ్లు అన్నీ దానికి తగులుతాయి. పలకకీ ప్యాడ్‌కీ మధ్య తుప్పు పట్టి ఉబ్బితే ప్యాడ్ పదార్థం పెచ్చులా లేచిపోతుంది. జింకు పూత పలక ఉన్న రకం దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి. నల్ల రంగు మాత్రమే పూసిన పలక ట్రాక్ మీద రంగు కాలిపోయి, ఇంటికొచ్చాక తుప్పుకు దొరికిపోతుంది.

వెనక డ్రమ్ము ఉన్న కార్లకు ముందు ప్యాడ్లు మార్చి, వెనక సిలిండర్ లీకు లేకుండా, అడ్జస్టర్ పనిచేసేలా చూసుకుంటే చాలు. వెనక కూడా డిస్కులుంటే ముందుకంటే గట్టిగా పట్టే రకం వెనక ఎప్పుడూ వేయకూడదు. వెనక చక్రాలు ముందు లాకయితే కారు బొంగరమైపోతుంది.

4. ఒక సెట్టా, రెండు సెట్లా?

ఏడాదికి రెండు మూడుసార్లు, రోడ్డు టైర్లతో వెళ్లేవాళ్లకు పైన చెప్పిన ఒక్క సెట్టు చాలు. అంతకంటే ఎక్కువ వెళ్లేవాళ్లు, నారింజ చుక్క రంగు మార్చేసినవాళ్లు రెండు సెట్లు పెట్టుకోవాలి. రేసు ప్యాడ్లను డిక్కీలో వేసుకెళ్లి ట్రాక్ దగ్గరే బిగించండి. చెయ్యి తిరిగినవాళ్లకు గంట పని. రెండు రకాల ప్యాడ్లు ఒకే డిస్కు మీద వదిలే పొరలు కలవవు, కాబట్టి ఒకే కంపెనీ ఒకే కుటుంబంలోవి తీసుకోండి. లేదంటే మార్చిన ప్రతిసారీ డిస్కుని 100 నంబరు ఎమెరీ కాగితంతో రుద్ది, మళ్లీ సెట్ చేసుకోవాలి.

5. బ్రేకు ఆయిల్

ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డబ్బా మీద డాట్ అని రాసేది దాని తరగతి. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీలకు, 3.7 శాతం నీళ్లు కలిశాక 140కే మరుగుతుంది. డాట్ 4 లెక్క 230, 155. డాట్ 5.1 లెక్క 260, 180. కాలవలూ చెరువులూ ఉన్న ఈ గాలిలో రెండేళ్ల పాత ఆయిల్‌తో ట్రాక్ ఎక్కడం కోరి కష్టం తెచ్చుకోవడమే. వెళ్లే ముందు వారంలో కొత్త డాట్ 4 గానీ 5.1 గానీ పోయించండి. ఒక లీటరు సరిపోతుంది. సీలు విప్పి నెలల తరబడి షెడ్డు అరలో ఉన్న సీసా వద్దు. డాట్ 5 సిలికాన్ రకం, దీన్ని వీటితో కలపకూడదు.

6. బిగించేటప్పుడు

కారును జాకీ మీదే వదిలేయకుండా స్టాండ్ల మీద పెట్టండి. క్యాలిపర్‌లోని పిస్టన్‌ను వెనక్కి నెట్టేటప్పుడు, ఆయిలూ గాలీ బయటికి వదిలే బ్లీడ్ నిపుల్ వదులు చేసి పైపు తగిలిస్తే మురికి ఆయిల్ బయటికి పోతుంది, ఏబీఎస్ వైపు వెనక్కి ఎక్కదు. నిపుల్ విప్పారు కాబట్టి చివర్లో గాలి తీయడం మరవకండి. ఏ చక్రం నుంచి మొదలుపెట్టాలో కారు మాన్యువల్ చూడండి.

అసలు పని స్లైడ్ పిన్నుల దగ్గర ఉంది, క్యాలిపర్ అటూ ఇటూ జరిగేది వీటి మీదే. మన నేల బురదకీ ఉప్పుకీ రబ్బరు బూటు చిరిగితే పిన్ను పట్టేస్తుంది. అప్పుడు లోపలి ప్యాడ్ అరిగి, బయటిది కొత్తగానే ఉంటుంది. పిన్నులు బయటికి లాగి, తుడిచి, సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. చక్రాలకు రాసే మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. బ్రాకెట్‌లో ప్యాడ్ చెవులు కూర్చునే గాడిలో తుప్పును వైరు బ్రష్షుతో గీకేయండి. ప్యాడ్ వేలితో నెడితే జరగాలి. సుత్తి దెబ్బతో వెళ్లేదాన్ని అలా వదిలేయొద్దు.

డిస్కు మందం దాని మీద అచ్చువేసిన కనీస అంకె కంటే ఎక్కువ ఉండాలి. బోల్టుల బిగింపు మాన్యువల్ అంకె ప్రకారం టార్కు రెంచితో చేయండి. కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా కొట్టాలి. ఇది మరిచిపోయి షెడ్డు గోడను గుద్దినవాళ్లు ఉన్నారు.

7. ప్యాడ్ సెట్ చేయడం

కొత్త ప్యాడ్ డిస్కు మీద సమానమైన పొర పరవాలి. 60 నుంచి 15 కి.మీ.కి మధ్యస్థంగా పదిసార్లు తొక్కండి. ప్రతి తొక్కుడుకీ మధ్య అర కిలోమీటరు వదలండి. పూర్తిగా ఆగకూడదు. తర్వాత పది నిమిషాలు బ్రేకు ముట్టకుండా తోలి చల్లారనివ్వండి. ఇది కాలవ గట్టు రోడ్డు మీద చేసే పని కాదు. సార్వా, దాళ్వా కోతలప్పుడు సగం రోడ్డు ధాన్యమే ఉంటుంది. 216వ నంబరు జాతీయ రహదారి మీద ఊళ్లు లేని తిన్నని ముక్క చూసుకుని, వెనక ఎవరూ లేరని అద్దంలో చూసుకుని, పొద్దున్నే కానివ్వండి.

మిగతా సగం ట్రాక్ మీదే. మొదటి సెషన్‌లో మూడు ల్యాపులు మెల్లగా పెంచుతూ వెళ్లి, 110 నుంచి 40కి ఏడెనిమిదిసార్లు గట్టిగా తొక్కండి. కాలిన వాసన వస్తుంది, పట్టు కొంచెం తగ్గినట్టుంటుంది. కంగారు పడకుండా ఒక ల్యాపు బ్రేకు ముట్టకుండా తిప్పి, పిట్‌లో అరగంట వదిలేయండి. ఈ పని ఎగ్గొట్టి నేరుగా వేగం పెంచితే రెజిన్ ఒక్కసారిగా ఆవిరై, కొత్త ప్యాడే మొదటి సెషన్‌లో చేతులెత్తేస్తుంది.

8. ట్రాక్ మీదా, ఇంటికొచ్చాకా

నాలుగైదు ల్యాపులు తిప్పాక ఒక ల్యాపు చల్లార్చండి. పిట్‌లో ఆగాక పెడల్ మీద కాలు ఉంచొద్దు, హ్యాండ్‌బ్రేకు వేయొద్దు. గేరులో పెట్టి చక్రానికి అడ్డు పెట్టండి. వేడి డిస్కుని ప్యాడ్ అలాగే పట్టుకుని ఉంటే ఆ మచ్చే ఇందాకటి వణుకుకి మొదలు. నీళ్లు కొట్టకండి.

ప్యాడ్ పదార్థం సగం కంటే తక్కువ ఉంటే, మామూలు కార్లలో 6 మి.మీ. లోపు అనుకోండి, ట్రాక్ ఎక్కొద్దు. పలచబడ్డ ప్యాడ్ వేడిని నేరుగా పిస్టన్‌కీ, అక్కడి నుంచి ఆయిల్‌కీ పంపేస్తుంది. ఊళ్లో తిరగడానికి 3 మి.మీ. దాకా ఆగొచ్చు.

ఇంటికొచ్చాక డిస్కులు పూర్తిగా చల్లారాకనే చక్రాలు మంచినీళ్లతో కడగండి. సెమీ మెటాలిక్ పొడి అల్లాయ్ వీల్ మీద ఉండిపోయి ఉప్పు గాలి తగిలితే గోధుమరంగు చుక్కలు పడతాయి. అవి మరి వదలవు. కడిగిన కారును తడిగా నిలబెట్టేయకుండా రెండు కిలోమీటర్లు తోలి, బ్రేకులు తొక్కి ఆరబెట్టండి. లేకపోతే తెల్లారేసరికి డిస్కు మీద ప్యాడ్ ఆకారంలో తుప్పు అచ్చు పడుతుంది.

ఆ వారంలోనే ప్యాడ్లు ఒకసారి బయటికి తీసి చూడండి. అంచులు బూడిద రంగుకి తిరిగి వేలితో గీకితే రాలుతుంటే వాటి పరిధి దాటించారు, పైరకానికి మారాలి. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అరిగితే మళ్లీ స్లైడ్ పిన్నులే. డిస్కు మీద వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు ఉంటే పరవాలేదు. గోరు ఇరుక్కునే పగులైనా, అంచు దాకా పాకిన పగులైనా కనిపిస్తే రెండు డిస్కులూ జతగా మార్చేయండి, ఆ కారును ఊళ్లో కూడా తిప్పకండి.