వరద సాయానికి బయల్దేరే ముందు: మన చర్చి సంఘం యూత్‌కి కొన్ని జాగ్రత్తలు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే తిరుపతిలో అందరికీ టెన్షనే. 2021 నవంబరు మనమెవరం మరిచిపోలేదు. కొండమీది నీళ్లు కపిలతీర్థం దగ్గర ఉరికి ఊళ్లోకి వచ్చాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెలను ఖాళీ చేయించారు. అప్పుడు మనం ఉన్నవాళ్లం ఉన్నట్టే బయల్దేరాం. మనసు మంచిదే గానీ, సిద్ధపాటు లేదు. చెప్పులతో బురదలోకి దిగిన ఒక తమ్ముడి పాదం రేకు ముక్క తగిలి తెగింది, మనం సాయం చేయడానికి వెళ్లిన ఇంటివాళ్లే తమ పని వదిలి అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్లారు. సాయం చేయబోయి భారమయ్యాం. ఈసారి అలా జరగకూడదు.

నీళ్లు ఇంకా పారుతుంటే వెళ్లొద్దు. మోకాలి లోతే కదా అనిపిస్తుంది, కానీ వేగంగా పారే నీరు అంత లోతులోనే మనిషిని పడదోస్తుంది. వంకలు, కాజ్‌వేలు బైకు మీద దాటే ప్రయత్నం అసలే వద్దు. ముందు గ్రామ లేదా వార్డు సచివాలయంలో అడిగి, ఏ వీధికి ఏం కావాలో తెలుసుకుందాం. గతంలో ఒక వీధికి మూడు బండ్ల పులిహోర వచ్చింది, వెనక వీధిలో పసిబిడ్డకు పాలు లేవు.

అడుగు మందంగా ఉన్న గమ్ బూట్లు, గ్లోవ్స్ తప్పనిసరి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేనివాళ్లు ముందే డాక్టర్ని అడగండి. తాగే నీళ్లు, ఓఆర్‌ఎస్ మనవి మనమే మోసుకెళ్లాలి.

ఇంట్లో అడుగు పెట్టేముందు మెయిన్ ఆఫ్ చేశారో లేదో ఇంటివాళ్లను అడగండి. మెయిన్ దగ్గరే నీళ్లు నిలిచి ఉంటే దాన్ని ముట్టుకోవద్దు, లైన్‌మన్ వచ్చేదాకా ఆగండి. మట్టి గోడలతో ఇంకా జాగ్రత్త: వానలో నిలబడిన గోడ, ఎండ కాశాక రెండో రోజో మూడో రోజో కూలడం ఉంది. నీడ కోసం దాని పక్కన కూర్చోకండి.

పాములు ఎత్తు వెతుక్కుని అటకలు, బట్టల మూటలు, కట్టెల కుప్పల్లో దూరుతాయి. చేయి పెట్టే ముందు కర్రతో కదిపి చూడండి. కాటు పడితే కోయొద్దు, నోటితో పీల్చొద్దు, గట్టిగా కట్టు కట్టొద్దు. మనిషిని నడిపించకుండా, ఆ కాలో చేయో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. తిరుపతిలో రుయా ఆస్పత్రి ఉంది, నాటువైద్యం దగ్గర ఒక్క నిమిషం పోగొట్టొద్దు.

ఇల్లు కడిగేటప్పుడు బ్లీచింగ్ పౌడర్‌ని యాసిడ్‌తో కలపకండి, విషవాయువు వస్తుంది.

ఇక నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది. బియ్యం ఇస్తూ ఎవరి మతమూ అడగొద్దు, సంచిలో కరపత్రం పెట్టొద్దు. ఇల్లు మునిగిన మనిషి కాదనలేని స్థితిలో ఉంటాడు, ఆ స్థితిని వాడుకోవడం ప్రభువు నేర్పిన ప్రేమ కాదు. ప్రార్థన చేయమని వాళ్లే అడిగితే చేద్దాం. అడగకపోతే మనసులో చేసుకుందాం. తడిసిన దేవుడి పటాలు దొరికితే గౌరవంగా తుడిచి, ఎక్కడ పెట్టాలో ఆ ఇంటి అమ్మనే అడగండి. ఫొటోలు వద్దు. పిల్లలవి అసలే వద్దు.

ఎవరూ ఒంటరిగా వెళ్లొద్దు, ఇద్దరిద్దరుగా ఉండండి. వెళ్లినవాళ్ల పేర్లు, ఇంటి ఫోన్ నంబర్లు పాస్టర్ గారి దగ్గర రాసి ఉంచండి. చీకటి పడకముందే అందరూ తిరిగి రావాలి, రాగానే సబ్బుతో కాళ్లు కడుక్కోవాలి.

ఆ తర్వాత కొన్ని వారాల్లో జ్వరం, పిక్కల్లో నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే అది ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు, బురద వల్ల వచ్చే జబ్బు) కావచ్చు. వరద బురదలో పని చేశానని డాక్టర్‌కి తప్పక చెప్పండి. మందుల షాపులో మాత్రలు అడిగి సరిపెట్టుకోవద్దు. స్త్రీల సమాజం అక్కలు రెండు ఆదివారాల పాటు, వెళ్లొచ్చిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి జ్వరం గురించి అడుగుతారు, దయచేసి ఫోన్ ఎత్తండి.