రోమ్‌లో సాంత్ ఎవుస్తాక్యో కాఫీ బార్‌కి వెళ్తే కాఫీ ఎలా అడగాలి?

రోమ్‌లో పాంథియన్ అనే పురాతన ఆలయం చూసి బయటికొచ్చి రెండు మూడు నిమిషాలు నడిస్తే సాంత్ ఎవుస్తాక్యో అనే చిన్న కూడలి వస్తుంది. అక్కడి చర్చి పైన, కొమ్ముల మధ్య శిలువ ఉన్న దుప్పి తల కనిపిస్తే సరైన చోటికే వచ్చినట్టు. 1938 నుంచి నడుస్తున్న 'సాంత్ ఎవుస్తాక్యో ఇల్ కఫ్ఫే' ఆ కూడలిలోనే ఉంది. ఇక్కడ గింజల్ని కట్టెల మంటతో వేయిస్తారు. కాఫీ అంటే ప్రాణం పెట్టేవాళ్లు రోమ్ దాకా వెళ్లి ఇది తాగకుండా రావద్దు.

లోపల జనం, కేకలు, కప్పుల చప్పుడు. కొత్తవాళ్లకు టెన్షన్ రావడం సహజమే. అందుకే ఏం తాగాలో గుమ్మం బయటే తేల్చుకోండి. 'ఉన్ కఫ్ఫే' అంటే ఎస్ప్రెస్సో. 25, 30 మిల్లీలీటర్లకు మించదు, పాలుండవు. అందులో కొద్దిగా పాల నురగ కావాలంటే 'మక్యాతో'. 'లాత్తే' అని మాత్రం అడగకండి, ఉత్త పాలు ఇస్తారు. కపుచ్చీనో ఇటలీవాళ్లు పొద్దున పూటే తాగుతారు. మధ్యాహ్నం మీరు అడిగినా కాదనరు కాబట్టి మొహమాటం అక్కర్లేదు.

అయితే ఈ బార్‌కి పేరు తెచ్చింది 'గ్రాన్ కఫ్ఫే'. మొదటిసారి వెళ్లేవాళ్లు ఇదే తీసుకోవాలి. దీన్ని ఎలా చేస్తారో ఎవరికీ చూపించరు. మెషీన్‌కి అడ్డు ఉంటుంది, దాని వెనకే కలిపి కప్పు మీ ముందు పెడతారు. పైన లేత గోధుమరంగు నురగ. మన ఫిల్టర్ కాఫీని ఎత్తి పోస్తే వచ్చే నురగలా క్షణంలో తేలిపోదు, చెంచాతో తీసుకు తినేంత చిక్కగా ఉంటుంది. ముందు అది నాలుక్కి తగిలి, దాని కింద నుంచి వేడి కాఫీ వస్తుంది. ఒక్క విషయం గుర్తుంచుకోండి: మీరు ఏమీ చెప్పకపోతే చక్కెర కలిపే ఇస్తారు. షుగర్ ఉన్నవాళ్లు, తీపి వద్దనుకునేవాళ్లు అడిగేటప్పుడే 'సెంత్సా త్సుక్కెరో' అనాలి. కలిపాక తీయడం కుదరదు.

లోపలికి వెళ్లగానే నేరుగా కౌంటర్ దగ్గరికి పోవద్దు. ముందు 'కాస్సా' అని రాసి ఉన్న చోట డబ్బు కట్టాలి. పలకరింపుగా 'బోన్‌జోర్నో' అని, తర్వాత కావలసింది చెప్పండి. పలకరించకుండా ఆర్డర్ ఇవ్వడం అక్కడ మర్యాద కాదు. వాళ్లిచ్చే రసీదు జాగ్రత్త, కాఫీ వచ్చేది దాంతోనే.

ఇప్పుడు కౌంటర్. వరుసంటూ ఉండదు. ఖాళీ దొరికిన చోట నిలబడి రసీదు కౌంటర్ మీద పెట్టండి. దాని మీద పది, ఇరవై సెంట్ల నాణెం పెట్టే అలవాటు రోమ్‌లో ఉంది, తప్పనిసరి కాదు. మనవాళ్లు చాలామంది కౌంటర్‌లో ఉన్నవాళ్లే ముందు పిలుస్తారేమో అని వెనకే ఆగిపోతారు. పిలవరు. బారిస్తా, అంటే కాఫీ చేసే మనిషి, కళ్లలోకి చూసి 'ఉన్ గ్రాన్ కఫ్ఫే, పెర్ ఫవోరే' (దయచేసి ఒక గ్రాన్ కఫ్ఫే) అని కాస్త గట్టిగా చెప్పాలి.

నిలబడే తాగండి. బయట బల్ల దగ్గర కూర్చుంటే అదే కాఫీకి బాగా ఎక్కువ తీసుకుంటారు. ఇది మోసం కాదు, ఇటలీ అంతటా ఉన్న పద్ధతే. 'బాంకో' అంటే కౌంటర్ ధర, 'తావొలో' అంటే బల్ల ధర. పెద్దవాళ్లు వెంట ఉంటే, కాళ్లు నొప్పులుంటే ఆ డబ్బు పెట్టి కూర్చోవడమే మంచిది. లేదంటే కౌంటరే అసలు చోటు. ఆఫీసుకి వెళ్లేవాళ్లు రెండు మూడు గుక్కల్లో తాగేసి వెళ్లిపోతుంటారు. మీరూ తాగగానే వెనకవాళ్లకు చోటివ్వండి. మంచినీళ్లు కావాలంటే కాఫీకి ముందు తాగండి, అప్పుడు కాఫీ రుచి నోట్లో నిలుస్తుంది.

తినడానికి కొర్నెత్తో (క్రోసాంట్ లాంటి బేకరీ తినుబండారం) తీసుకునే శాకాహారులు ఒకటి గమనించాలి, ఆ పిండిలో సాధారణంగా గుడ్డు ఉంటుంది.

కాఫీ నచ్చితే అక్కడే ప్యాకెట్లు కొనుక్కోవచ్చు. పొడి తీసుకోవద్దు, గింజలే అడగండి. ఇంటికొచ్చాక మీ ఫిల్టర్‌కి తగ్గట్టు ఎప్పటికప్పుడు ఆడించుకోవచ్చు.